నారాయణఖేడ్ చలి, గుల్మార్గ్ మంచు

ఏటా డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి దాకా పత్రికల్లో కనిష్ఠ ఉష్ణోగ్రతల పట్టిక ఒకటి వస్తుంది. తెలంగాణలో ఆదిలాబాద్, కుమురం భీం జిల్లాల సరసన అందులో తరచూ కనబడేవి సంగారెడ్డి జిల్లా పడమటి అంచు పేర్లే: కోహిర్, న్యాల్‌కల్, ఝరాసంగం. నారాయణఖేడ్ వాటికి ఉత్తరాన, అదే పీఠభూమి మీద, అదే గాలికి ఎదురుగా ఉంది. ఈ దిక్కున పాదరసం ఏడెనిమిది డిగ్రీలకు పడిపోవడం, గట్టి చలి వచ్చిన ఏడు ఇంకా కిందికి దిగడం కొత్త సంగతేమీ కాదు. అవే రోజుల్లో ఇంతకు కాస్త మించిన చలి కోసం అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగి ఘాటు రోడ్డులో కార్లు బారులు తీరుతాయి. ఇంకాస్త డబ్బు, ఇంకాస్త సెలవు ఉన్నవాళ్లు గుల్మార్గ్ దాకా పోయి, కాళ్లకు స్కీలు బిగించుకుని, మంచులో పడుతూ లేస్తూ ఫొటోలు దిగుతారు. నారాయణఖేడ్ చలి కోసం మాత్రం ఎవరూ రారు. పైగా ఆ చలి ముదిరే వేళకు ఇక్కడి తండాల్లో, ఊళ్లలో చాలా ఇళ్లకు తాళాలు పడి ఉంటాయి. ఇక్కడివాళ్లూ చలికాలంలో ప్రయాణం చేస్తారు, అయితే చెరుకు తోటలకు. ఈ రెండు ప్రయాణాల మధ్య తేడాను వాతావరణంతోనో అభిరుచితోనో వివరించబోతే కుదరదు. కొండనూ మంచునూ చలినీ విహారంగా మార్చినది ప్రకృతి కాదు. జీతం కోత లేని సెలవు, బండి పోయే దారి, ఈ రెండూ దక్కిన మనుషులు కలిసి చేసిన పని అది. స్కీ విహారం చరిత్రను దాని పుట్టింటి నుంచి కాక నారాయణఖేడ్ నుంచి చూస్తే ఈ మాట ఇంకా తేటగా కనబడుతుంది.

ఈ పీఠభూమి గాలికి ఒకప్పుడు మంచి గిరాకీ ఉండేది. 15వ శతాబ్దం మొదటి భాగంలో బహమనీ సుల్తాను అహ్మద్ షా గుల్బర్గాను విడిచి రాజధానిని బీదరుకు మార్చుకున్నాడు. అందుకు రాజకీయ కారణాలు ఎన్ని ఉన్నా, ఎర్రమట్టి గట్టు మీది చల్లని గాలినీ మంచి నీటినీ చరిత్రకారులు కారణాల్లో ఒకటిగా చెబుతూనే వచ్చారు. నారాయణఖేడ్ ఆ బీదరు నీడలోనే పెరిగింది, నిజాం కాలంలో బీదరు జిల్లాలో తాలూకాగా ఉంది. అంటే గాలిని బట్టి ఊరు ఎంచుకోవడం ఇక్కడ తెలియని విషయం కాదు, ఎంచుకోగల వాళ్లు కొద్దిమంది, అంతే. తర్వాత ఇంగ్లీషువాళ్లు అదే పని కచేరీలతో సహా చేశారు. 1864 నుంచి సిమ్లా వేసవి రాజధాని అయింది, మద్రాసు ప్రభుత్వం ఎండాకాలానికి ఊటీ ఎక్కింది, కడప కలెక్టరు హార్‌స్లీ మదనపల్లె దగ్గరి కొండ మీద ఇల్లు కట్టుకుంటే ఆ కొండకు ఆయన పేరే స్థిరపడింది. మూడు చోట్లా జరిగిన తంతు ఒకటే. ఆఫీసు కొండెక్కింది, ఆఫీసు వెంట జీతమూ కొండెక్కింది. వీటిని విహారాలని మనం ఇప్పుడంటున్నాం గానీ, అప్పట్లో అవి సర్కారు ఖర్చు మీద సాగిన బదిలీలు.

రాజులు, దొరల తర్వాత కొండ గాలి మీద హక్కు దొరికింది రోగులకు. స్విట్జర్లాండులోని దావోస్‌కు 1865 నుంచి చలికాలంలో క్షయ రోగులు రావడం మొదలైంది. మందు లేని రోజుల్లో పొడి గాలి, ఎండ, విశ్రాంతి ఇవే చికిత్స. మన దగ్గర మదనపల్లె పక్కన ఆరోగ్యవరం 1910ల్లో ఆ లెక్కనే వెలిసింది. నిజాం పాలన చివరి రోజుల్లో వికారాబాద్ పక్కన అనంతగిరి కొండ మీద కట్టిన క్షయ ఆస్పత్రిదీ అదే లెక్క. దావోస్‌కూ అనంతగిరికీ ఇక్కడి దాకా తేడా లేదు. ఆ తర్వాతే దారులు వేరయ్యాయి. దావోస్‌లో రోగుల కోసం కట్టిన హోటళ్లు, వేసిన రైలు స్కీ ఆటగాళ్లకు ఉపయోగపడ్డాయి. 1934లో మనుషులను వాలు పైకి లాక్కుపోయే తాడు యంత్రం అక్కడ పని మొదలుపెట్టింది. స్ట్రెప్టోమైసిన్ వచ్చి క్షయ ఆస్పత్రులు ఖాళీ అయ్యే నాటికి ఆ ఊరికి ఇంకో బతుకుదెరువు సిద్ధంగా ఉంది. అనంతగిరి అరవై ఏళ్లకు పైగా ఆస్పత్రిగానే మిగిలిపోయింది. దాని చుట్టూ రిసార్టులు లేచింది హైదరాబాద్ పడమటి దిక్కున ఐటీ జీతాలు పెరిగాకే. కొండ మారలేదు, మారింది కిందనున్న నగరం.

స్కీ సంగతే తీసుకుంటే, అది పుట్టుకతో ధనికుల ఆట కాదు. స్కాండినేవియా మంచులో వేటకు, కట్టెలకు, పక్క ఊరికి పోవడానికి వేల ఏళ్లుగా వాడిన పనిముట్టు అది. ఆధునిక స్కీ ఆటకు ఆద్యుడని చెప్పుకునే సోంద్రె నోర్‌హైమ్ నార్వేలోని టెలెమార్క్‌లో సొంత భూమి లేని కౌలుదారు. మడమను కట్టి ఉంచే పట్టీని, నడుము సన్నగా ఉండే చెక్కను వాడుకలోకి తెచ్చి, 1868లో రాజధానికి పోయి అక్కడివాళ్లను అబ్బురపరిచాడు. ఆ పేరు ఆయనకు తిండి పెట్టలేదు. 1884లో, అరవైకి దగ్గర పడ్డ వయసులో, కుటుంబంతో సహా అమెరికాకు వలస పోయి డకోటా మైదానంలో, జారడానికి వాలు లేని చోట, 1897లో కన్నుమూశాడు. కొండ మీద పుట్టిన పేదవాడు ఆటను కనిపెట్టాడు, ఆ ఆటను విహారంగా మార్చి అమ్ముకున్నది వేరేవాళ్లు. అందులోనూ రైలు కంపెనీలది పెద్ద చెయ్యి. అమెరికాలో యూనియన్ పసిఫిక్ రైల్వే చలికాలంలో ఖాళీగా నడుస్తున్న బండ్లకు ప్రయాణికులు కావాలని ఐడహోలో సన్ వ్యాలీ అనే ఊరినే కట్టింది. లోకంలో మొదటి స్కీ కుర్చీ లిఫ్టు 1936లో అక్కడే నడిచింది. ఓడలోకి అరటిగెలలు ఎక్కించే కొక్కేల గొలుసును చూసి, గెల ఉండే చోట కుర్చీ తగిలించాడు ఆ కంపెనీ ఇంజనీరు. మంచు మీద మనిషిని సరుకు ఎక్కించినట్టు ఎక్కించడం నేర్చాకే స్కీ పరిశ్రమగా మారింది.

రైలు ఉంటే చాలదు, ఎక్కడానికి తీరిక ఉండాలి. ఫ్రాన్సులో 1936లో పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం కార్మికులకు ఏడాదికి రెండు వారాల జీతంతో కూడిన సెలవు చట్టం చేసింది. బ్రిటన్‌లో అలాంటి చట్టం 1938లో వచ్చింది. యూరపులో కొండ విహారం మధ్యతరగతి దాటి కిందికి దిగడానికి దారి పడింది అక్కడే. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం జీతంతో వార్షిక సెలవు ఇచ్చింది గానీ దానికొక షరతు పెట్టింది, ఏడాదిలో 240 రోజులు పని చేసి ఉండాలని. నారాయణఖేడ్ నుంచి పోయి చెరుకు కొట్టేవాళ్లను ఆ షరతు దగ్గర నిలబెట్టి చూడండి. గానుగ నడిచేదే ఏడాదిలో సగం కన్నా తక్కువ. పైగా చక్కెర ఫ్యాక్టరీకి ముడిసరుకు అందించే ఆ చేతులు చట్టం కంటికి ఫ్యాక్టరీ కార్మికులవి కావు, పొలంలో గుత్తేదారు కిందివి. అందుకే సెలవు అన్న మాటే వారి లెక్కలోకి రాదు. ఇంకోవైపు కేంద్రప్రభుత్వ ఉద్యోగులకు సెలవు ప్రయాణ రాయితీ, అదే ఎల్టీసీ, 1956 అక్టోబరు 11 ఉత్తర్వుతో మొదలైంది. సరిగ్గా మూడు వారాలకు, నవంబరు 1న, నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లా నుంచి విడివడి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లాలో చేరింది. ఈ రెండింటికీ సంబంధం ఏమీ లేదు, తేదీలు పక్కపక్కన పడ్డాయంతే. తర్వాతి కాలంలో మాత్రం ఒకే జిల్లాలో రెండు రకాల చలికాలాలు ఏర్పడ్డాయి. 1980ల్లో ఎద్దుమైలారంలో పెట్టిన ఆయుధ కర్మాగారంలో ఉద్యోగికి కుటుంబంతో దేశం చూసి రావడం హక్కు. అక్కడికి కొద్ది గంటల దూరంలో నారాయణఖేడ్ దగ్గరి కంగ్టి తండావాసికి చలికాలం అంటే చెరుకు గుత్తేదారు ముందే ఇచ్చిన అడ్వాన్సును పనితో తీర్చుకునే కాలం.

ఆ పని ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూడాలి, లేకుంటే పోలిక గాలిలో మాటగా మిగులుతుంది. దసరా, దీపావళి నడుమ ముల్లె సర్దుకుని, వంటగిన్నెలు, పరుపులు, కోళ్లు, బడి మానేసిన పిల్లలతో లారీ ఎక్కుతారు. కొందరు జహీరాబాద్, సంగారెడ్డి తోటల దాకా, కొందరు కర్ణాటక, మహారాష్ట్ర దాకా పోయి ఉగాది ముందు తిరిగొస్తారు. మహారాష్ట్ర లెక్కలో మనుషులను విడిగా లెక్కపెట్టరు. భార్యాభర్తల జంట కలిపి ఒక కోయితా, అంటే ఒక కత్తి. కోత తెల్లవారకముందే మొదలవుతుంది. చెరుకు ఆకు అంచు రంపంలా ఉంటుంది, దాని మీద మంచు నీరు పట్టి ఉంటుంది, లోపలికి దూరగానే చొక్కా తడిసి చేతుల మీద గీతలు పడతాయి, ఆ గీతలను చలి మండిస్తుంది. తీపి ఎక్కువుండేది మొదలు దగ్గర కాబట్టి గడను నేలబారుగా నరకాలి, కాబట్టి పొద్దంతా నడుము వంచే ఉండాలి. మగమనిషి నరికితే ఆడమనిషి ఆకు దూసి, కొస కొట్టేసి, మోపు కడుతుంది. ఆ మోపును తల మీద పెట్టుకుని వాలుగా వేసిన చెక్క పలక మీదుగా లారీ ఎక్కించాలి. లారీ రాత్రి పన్నెండుకు వస్తే పన్నెండుకే. మంచుతో తడిసిన ఆ పలక మీద కాలు జారకుండా పైకెక్కడం కూడా వాలు మీద నేర్పే, దానికి పతకాలు లేవు గాని.

ఇప్పుడు గుల్మార్గ్. 2,650 మీటర్ల ఎత్తున ఉన్న ఈ పచ్చిక బయలులో 1927లో ఇద్దరు బ్రిటిష్ సైనికాధికారులు స్కీ క్లబ్బు పెట్టారు. క్రిస్మస్‌కూ ఈస్టర్‌కూ పోటీలు జరిగేవి. దేశంలోని కంటోన్మెంట్ల నుంచి సెలవు మీద వచ్చే అధికారులే ఆటగాళ్లు, వాళ్లే ప్రేక్షకులు. 1947తో ఆ సెలవులు ముగిశాయి, క్లబ్బూ అడుగంటింది. మంచు ఏడాదికేడాది పడుతూనే ఉంది, కొండ ఉన్న చోటే ఉంది, విహారం మాత్రం మాయమైంది. నా వాదనకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఇంకొకటి లేదు. 1960లో భారత ప్రభుత్వం ఆస్ట్రియా నిపుణుడు రుడాల్ఫ్ మాట్‌ను పిలిపించి చూపిస్తే ఆయన గుల్మార్గ్‌నే ఎంచాడు. ఆ దశాబ్దం చివర స్కీ శిక్షణ సంస్థ వచ్చింది. గాలిలో నడిచే గండోలా పని 1980ల చివర మొదలై, 1990లో తుపాకుల మోతకు ఆగిపోయి, మళ్లీ నడిచి, మొదటి దశ 1998లో, అఫర్వత్ భుజం మీద దాదాపు 3,950 మీటర్ల దాకా పోయే రెండో దశ 2005లో తెరుచుకున్నాయి. నడుమ ఆ పదేళ్లు ఆటగాళ్లు ఉత్తరాఖండ్ దిక్కు మళ్లారు, జోషీమఠ్ నుంచి ఔలీకి దాదాపు నాలుగు కిలోమీటర్ల రోప్‌వే అప్పుడే పుట్టింది. ఒకచోట రాజకీయం మూస్తే ఇంకోచోట మంచుకు ధర వచ్చింది. 2010లో కేంద్రం తన ఉద్యోగులు ఎల్టీసీ మీద విమానంలో జమ్మూకశ్మీర్ పోవడానికి ప్రత్యేక సడలింపు ఇచ్చి, దాన్ని పొడిగిస్తూ వచ్చింది. కశ్మీరు లోయకు జనం ఎందుకు పెరిగారో ప్రకృతి అందాల వ్యాసాల్లో కన్నా ఆ ఒక్క ఉత్తర్వులో ఎక్కువ తెలుస్తుంది.

ఆ మంచును అక్కడి మనిషి ఎలా చూస్తాడు? దక్షిణాది నుంచి వచ్చిన కుటుంబం తంగ్‌మార్గ్‌లో మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు, ఎవరెవరో వేసి విడిచిన పొడుగు కోట్లు అద్దెకు తీసుకుని పైకి వస్తుంది. బయలు దగ్గర దిగగానే స్లెడ్జి లాగేవాళ్లు చుట్టుముడతారు. చెక్క పీట కింద రెండు పట్టాలు, ముందు ఒక తాడు. ఆ తాడు భుజాన వేసుకుని, తమకన్నా బరువైన మనిషిని కూర్చోబెట్టి, మోకాలి లోతు మంచులో లాక్కుపోతారు. బేరం గీచిగీచి ఆడతారు, విసుక్కునే యాత్రికులు చాలామందే. స్కీ నేర్పేవాడు మొదట ఆగడమే నేర్పుతాడు. స్కీల ముక్కులు దగ్గరికి, మడమలు దూరంగా పెట్టి లోపలి అంచులు నొక్కమంటాడు. కొత్తవాళ్లు భయంతో వెనక్కి వాలతారు, వాలిన కొద్దీ స్కీ ఇంకా వేగంగా జారిపోతుంది, పిరుదుల మీద పడతారు, నవ్వుతారు. పడినా నవ్వగలగడం ఈ ప్రయాణంలో కొనుక్కున్న సదుపాయాల్లో ఒకటి. అదే కశ్మీరులో డిసెంబరు 21 నుంచి నలభై రోజుల చిల్లై కలాన్ అంటే కాంగ్డీ కుంపట్లో నిప్పులు, గడ్డకట్టిన కుళాయిలు. పశువుల కాపరులు మందలతో దిగువకు దిగిపోతారు, శాలువాలు, స్వెట్టర్లు అమ్మేవాళ్లు హైదరాబాద్ దాకా వస్తారు. సర్కారు కూడా 1872లో మొదలైన దర్బారు మార్పిడితో 2021 దాకా ఏటా చలికాలానికి శ్రీనగర్ వదిలి జమ్మూకు పోయేది. చలి ఎక్కడ కూలి దొరకనివ్వదో అక్కడి నుంచి మనుషులు కదులుతారు, ఈ విషయంలో కశ్మీరులోని కుప్వారాకూ మన కంగ్టికీ పెద్ద తేడా లేదు.

ఇదంతా పరాయి మంచు కథ అనుకుంటే మన అరకు ఉంది. కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం 1960ల్లో వేసింది బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపానుకు పంపడానికి. 50కి పైగా సొరంగాలు తవ్వింది రాయి కోసమే గాని రమ్యత కోసం కాదు. రైలు వచ్చాక ఆ కిటికీల నుంచి లోయలు కనబడ్డాయి, కనబడ్డాక సినిమాలు వచ్చాయి, 2017లో అద్దాల పైకప్పు పెట్టె కూడా తగిలించారు. లంబసింగిలో చలి ఎప్పటినుంచో ఉంది, దాన్ని భరించిన ఆదివాసులూ ఉన్నారు. అక్కడ తెల్లారే పొగమంచు చూడటానికి జనం ఎగబడింది గత పది పదిహేనేళ్లలోనే, సొంత కారు, చేతిలో కెమెరా ఫోను, శని ఆదివారాల సెలవు ఒకే మనిషి దగ్గర జమ అయ్యాక. లంబసింగి వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది, చుట్టూ అడవి, కాఫీ తోటలు, నారాయణఖేడ్ చుట్టూ కంది చేలు, బోడి గుట్టలు, రెండూ ఒకటెలా అవుతాయని అడగొచ్చు. నిజమే, అందం విషయంలో నేను పోటీ పెట్టను. కానీ అడవి, ఎత్తు ఉన్నంత మాత్రాన జనం వచ్చేదుంటే లంబసింగికి మన తాతలు కూడా పోయి ఉండాలి. పోలేదు. నల్లమలలో ఎత్తయిన అడవి కొండలు బోలెడున్నాయి, వాటికీ పోవడం లేదు. అందం కావలసిందే, అయితే సెలవూ దారీ కుదిరిన తర్వాతనే దాని అవసరం పడుతుంది. నారాయణఖేడ్‌కు ఈనాటికీ రైలు లేదు. నాందేడ్ పోయే జాతీయ రహదారి వెడల్పయింది గాని దాని మీద పోయేవాళ్లు ఇక్కడ ఆగరు.

దీనికి ఇంకో గట్టి ఆక్షేపణ ఉంది. మనవాళ్లకు కొండ అంటే దేవుడు, కొండకు పోవడం అంటే మొక్కు, కాబట్టి విహారం లేకపోవడానికి పేదరికం కాదు, సంస్కృతి కారణం అని. ఈ మాటను కొట్టిపారేయలేం. నారాయణఖేడ్ ప్రాంతం నుంచి ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుడికి, బీదరు నరసింహ ఝరనాకు, మంజీర ఒడ్డున ఏడుపాయలకు పోతారు, విఠలుడి భక్తులు పండరిపురానికి, బంజారాలు మహారాష్ట్రలోని పోహ్రాదేవికి పోతారు. తిరుమల సంగతి చెప్పనే అక్కర్లేదు. డబ్బు లేనివాళ్లు కూడా వందల కిలోమీటర్లు తిరుగుతారన్నమాట. అయితే ఈ ప్రయాణాలు ఎప్పుడు పడతాయో చూస్తే వాదన తిరగబడుతుంది. ఏడుపాయల జాతర శివరాత్రికి, అప్పటికి వానకాలం పంట ఇల్లు చేరి ఉంటుంది. పండరి వారీ ఆషాఢ ఏకాదశికి, విత్తనం వేసిన తర్వాత. యాత్ర వ్యవసాయం ఇచ్చిన ఖాళీలో ఒదిగింది, జీతం నష్టపోకుండా, బస చెట్టు కిందనో సత్రంలోనో చూసుకుని. యాత్రను సంస్కృతి అని, స్కీ విహారాన్ని సరదా అని రెండు గదుల్లో పెట్టడం కన్నా, రెండూ తమతమ పని క్యాలెండరులోని ఖాళీలను నింపినవే అనడం సాక్ష్యానికి దగ్గర. చెరుకు పనికి పోయేవాళ్లకు డిసెంబరులో ఆ ఖాళీ లేదు, అందుకే ఆ నెలలో యాత్ర కూడా లేదు. సంస్కృతి అన్న ఆ ఒక్క కారణంతోనే అంతా వివరించవచ్చు అనుకుంటే, అదే కుటుంబంలో సర్కారు నౌకరీ వచ్చిన కొడుకు తిరుమలతో పాటు కులూ మనాలీ కూడా ఎందుకు పోవాలనుకుంటాడో చెప్పాల్సి వస్తుంది.

మూడో ఆక్షేపణ మరీ ఆసక్తికరం. పేద పిల్లలకు మంచు కొండలు అందవంటారు గదా, మరి పూర్ణ సంగతేమిటి? 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్‌తో కలిసి, ఎవరెస్టు ఎక్కింది. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజుల్లో ఎక్కి, 2015లో ఆండీస్‌లో ప్రాణం విడిచాడు. వీళ్లు నా మాటను కాదనడం లేదు, బలపరుస్తున్నారు. పూర్ణ, ఆనంద్ ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. భువనగిరి ఏకశిల మీద మొదటి పాఠం, డార్జిలింగ్‌లో శిక్షణ, తర్వాత లద్దాఖ్, ఆ తర్వాతే ఎవరెస్టు. ఖర్చు సర్కారుది. కొండకు పోయే దారిని ఒక సంస్థ మెట్టుమెట్టుగా కట్టి ఇచ్చింది. ఆ తర్వాత రెండు వారాలకు, జూన్ 8న, హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీ నుంచి విహారయాత్రకు పోయిన విద్యార్థులు హిమాచల్‌లోని మండి దగ్గర బియాస్ నది రాళ్ల మీద ఉండగా పైనున్న లార్జీ డ్యాము గేట్లు తెరిచారు. 24 మంది విద్యార్థులు, వారితో ఉన్న టూరు నిర్వాహకుడు కొట్టుకుపోయారు. హెచ్చరిక వాళ్లకు చేరలేదు. తప్పు పిల్లలది కాదు. తెలియని నేలకు బస్సు తీసుకుపోతుంది గాని, ఆ నేల గురించి ఆ ఊరివాళ్లకు తెలిసినది బస్సుతో పాటు రాదు. విహారం కొత్తగా దక్కిన సమాజంలో టికెట్టు ముందు వస్తుంది, జాగ్రత్తలు నేర్పే వ్యవస్థ వెనకబడి వస్తుంది. 2010 ఫిబ్రవరిలో గుల్మార్గ్ దగ్గరే శిక్షణలో ఉన్న సైనికుల మీద హిమపాతం పడి పదిహేడు మంది చనిపోయారు. నేర్చినవాళ్లకే అది తప్పలేదు.

కొండ విహారం మీద బతికే ఊళ్లకు కూడా ఈ వ్యాపారం నికరమైనది కాదు. 2017 జూన్‌లో గాలికి చెట్టు విరిగి గండోలా తీగల మీద పడి ఏడుగురు చనిపోతే, వారిలో ముగ్గురు స్థానికులు. 2023 జనవరిలో జోషీమఠ్ ఇళ్లు బీటలు వారితే ఔలీ రోప్‌వే ఆపేశారు. 2024 జనవరిలో చాలా రోజులు గుల్మార్గ్‌లో నేల గోధుమరంగులోనే ఉండిపోయింది. 2025లో మంచు చాలక ఖేలో ఇండియా చలికాలపు క్రీడలు ఫిబ్రవరి నుంచి మార్చికి వాయిదా పడ్డాయి. ఆ ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు, వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ వారమే లోయలో గదుల బుకింగులు కుప్పకూలాయి. స్లెడ్జి తాడు భుజాన వేసుకునే మనిషికి దీన్నుంచి రక్షణ ఏదీ లేదు. అడ్వాన్సు తీసుకున్న చెరుకు కూలీకి కనీసం పని ఖాయం చేసే ఆ అప్పుంది, నాకు ఇది వెటకారంగా వినిపించినా నిజం అదే. సరుకు తమ చేతిలో లేనిచోట, గిరాకీ ఎవరి సెలవు మీదనో ఆధారపడ్డచోట, మంచు కొండ అయినా చెరుకు తోట అయినా కాలం కలిసి రావడం వేరేవాళ్ల చేతిలోనే ఉంటుంది. కొద్దిమంది మాత్రం తప్పించుకుంటారు. గుల్మార్గ్‌లో స్కీ సామగ్రి దుకాణం నడిపిన తండ్రి దగ్గర పెరిగిన ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో స్లాలమ్, జైంట్ స్లాలమ్ రెండింటిలోనూ దిగాడు. ఆయన వెనక ఉన్నది దుకాణం, అది గమనించాలి.

కాబట్టి జిల్లాలో చలికాలపు పర్యాటకం పెంచాలని, కోహిర్, జహీరాబాద్ వైపు చలిని ప్రచారం చేయాలని ఎవరైనా అంటే నాకు అనుమానమే. వారాంతపు కార్లు రావచ్చు, నాలుగు గుడారాలు లేవవచ్చు, గుత్తలు బయటివాళ్లకు పోవచ్చు. నారాయణఖేడ్ చలికాలాన్ని మార్చేది అది కాదు. 2022 ఫిబ్రవరి 21న సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతలకు శంకుస్థాపన నారాయణఖేడ్‌లోనే జరిగింది. వాటికి నీళ్లిచ్చే సింగూరు జలాశయం పూర్తి నీటిమట్టం 523.6 మీటర్లు, ఈ ప్రాంతం పొలాలు దానికన్నా ఎత్తున ఉన్నాయి, నీళ్లు వాటంతటవి రావు, ఎత్తిపోయాలి. బీదరు సుల్తానుకు ఇష్టమైన ఎత్తే రైతుకు ఇన్నాళ్లూ శాపమైంది. ఆ నీళ్లు నిజంగా పొలాల్లోకి చేరి యాసంగి పంట పండితే, దసరా తర్వాత లారీలు ఎక్కడం ఆగాలి. ఆ ఇళ్లలో డిసెంబరు, జనవరి నెలలు పొలం పని నడుమ కాస్త ఖాళీ నెలలు కావాలి. అప్పుడు ఏం జరుగుతుందో చూస్తే ఈ వ్యాసంలోని వాదన నిలబడుతుందో లేదో తేలుతుంది. చేతిలో డబ్బు, నెలలో ఖాళీ, ఇంటి ముందు బస్సు మూడూ వచ్చాక కూడా ఇక్కడివాళ్లు చలికాలంలో ఊరు కదలకపోతే, లేదా మొక్కులకే తప్ప ఇంకెక్కడికీ పోకపోతే, సంస్కృతే కారణం అన్నవాళ్లదే పైచేయి అని ఒప్పుకోవాలి. అంతదాకా ఈ పీఠభూమి మీద డిసెంబరు తెల్లవారుజామున బయల్దేరే బండ్లలో ఎక్కువ భాగం ఎటు పోతున్నాయో, వాటిలో ఎవరున్నారో లెక్క తీయడం చరిత్ర రాసేవాళ్లు ముందుగా చేయాల్సిన పని. బడి హాజరు పట్టీల్లో, వలస పిల్లల సీజనల్ హాస్టళ్ల జాబితాల్లో, చక్కెర ఫ్యాక్టరీల గుత్తేదారు ఖాతాల్లో అది చాలావరకు రాసే ఉంది.